అరటి బోదె నుంచి నార తీయడం: యంత్రం ఎంపిక నుంచి ఆరబెట్టే దండెం వరకు

గెల కోశాక అరటి బోదెతో రైతుకు పని ఉండదు. నరికి గట్టున పడేసి పిలకల సంగతి చూసుకుంటాడు. రావులపాలెం చుట్టుపక్కల కాలువ గట్ల మీద నడిచినవారికి ఆ కుప్పలూ, అవి కుళ్లే వాసనా కొత్త కాదు. అదే బోదె డొప్పను ఎండబెట్టి, సన్నగా చీల్చి, నీళ్లలో తడిపి పూలమ్మే ఆమె మాల కడుతుంది. పూలతో చేరిన నారకూ తావి అబ్బుతుందని మనకు సామెత కూడా ఉంది. అయినా ఆ నార పూలబుట్ట దాటి పెద్దగా బయటికి రాలేదు. చేత్తో గీకి శుభ్రమైన నార తీయాలంటే ఒక మనిషి రోజంతా కూర్చున్నా అరకిలో కావడం కష్టం. యంత్రం ఆ కష్టాన్ని తీరుస్తుంది.

ఒకటి రెండు హార్స్‌పవర్ మోటారుతో నడిచే చిన్న యంత్రాన్ని పెట్టుకోవాలనుకునే రైతులకూ, మహిళా సంఘాలకూ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. చాలామంది యంత్రం కొనడంతోనే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి మంచి నారకూ చెత్త నారకూ తేడా వచ్చేది రెండు చోట్ల: యంత్రంలో తిరిగే బ్లేడుకూ, దాని ఎదుట కదలకుండా ఉండే పలకకూ మధ్య ఉండే సందు దగ్గర, బోదె నరికినప్పటి నుంచి నార కడిగే దాకా గడిచే సమయం దగ్గర. అందుకే ఈ రెండింటి గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ఒక డొప్పను చేత్తో గీకి చూడండి

యంత్రం చూడడానికి వెళ్లే ముందే ఈ పని చేయండి. అరగంట చాలు. తాజా బోదె నుంచి మూరెడు పొడవున్న డొప్ప ముక్కను తీసుకుని, మూడు వేళ్ల వెడల్పున చీల్చండి. దాన్ని నున్నటి చెక్క మీద పరిచి, ఒక కొసను గట్టిగా అదిమి పట్టి, మొద్దుబారిన కత్తిని కొంచెం వాల్చి మీ నుంచి అవతలికి గీకండి. మొదట నీళ్లు ఉబికివస్తాయి. తరువాత తెల్లటి మెత్తటి గుజ్జు కత్తి ముందు కుప్పలా చేరుతుంది. ఏడెనిమిది సార్లు గీకాక కత్తి కింద సన్నటి పోగులు తళుక్కుమంటాయి. చేత్తో పట్టి లాగితే పట్టుపోగులాంటి మెరుపు, జనపనారకు తీసిపోని బలం తెలుస్తాయి.

ఇప్పుడు అదే పనిని పదునైన కత్తితో చేసి చూడండి. పోగులు తెగి ముక్కలవుతాయి. యంత్రం గురించి తెలుసుకోవలసినది ఈ ఒక్క ప్రయోగంలోనే ఉంది. నారను కోయకూడదు, గీకాలి. చుట్టూ ఉన్న గుజ్జు మెత్తన, పోగు గట్టిది. మొద్దు అంచు మెత్తనిదాన్ని నలిపి ఊడ్చేస్తుంది, గట్టిదాన్ని వదిలేస్తుంది.

గోగునారకు ఈ పద్ధతి ఎందుకు సరిపోదో కూడా ఇక్కడే చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు కట్టలను రెండు మూడు వారాలు చెరువులో ఊరవేస్తారు. గోగు నార ఉండేది కాడ బెరడులో. అది జిగట పదార్థంతో అతుక్కుని ఉంటుంది, నీళ్లలోని సూక్ష్మజీవులు ఆ జిగటను తినేస్తే తప్ప శుభ్రంగా ఊడిరాదు. అరటి బోదె అసలు కాండమే కాదు. ఆకుల అడుగు భాగాలు, అంటే డొప్పలు, ఒకదాని మీద ఒకటి చుట్టుకుని కాండంలా నిలబడ్డాయి. అసలు కాండం నేలలోని దుంప. డొప్ప నిండా గాలి గూళ్లు, నీళ్లు ఉంటాయి, పోగులు పొడవునా తిన్నగా సాగుతాయి. అందుకే ఊరవేయకుండా అప్పటికప్పుడు గీకి తీయవచ్చు.

యంత్రం లోపల ఏం జరుగుతుంది

ఒక ఇనుప డ్రమ్ము, దాని చుట్టూ అడ్డంగా బిగించిన మొద్దు అంచు బ్లేడ్లు, వాటి ఎదుట కదలకుండా నిలబడే ఇనుప పలక. అంతే. డ్రమ్ము తిరుగుతుంటే పలకకూ బ్లేడ్లకూ మధ్య ఉన్న సన్నటి సందులోకి డొప్పను పంపిస్తాం. బ్లేడ్లు గుజ్జును చితక్కొట్టి కిందికి ఊడుస్తాయి, మనం వెనక్కి లాగితే నార మిగులుతుంది. లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం, 8 బ్లేడ్లు ఉన్న డ్రమ్ము నిమిషానికి 700 సార్లు తిరుగుతోందనుకుందాం. బ్లేడు అంచు సెకనుకు దాదాపు 11 మీటర్లు పరుగెడుతుంది. డొప్ప మీద సెకనుకు 90కి పైగా దెబ్బలు పడతాయి. చేత్తో ఏడెనిమిది సార్లు గీకిన పని రెప్పపాటులో అయిపోతుంది.

ఈ ఊహ చాలా పాతది. మెక్సికోలోని యుకటాన్‌లో కిత్తనార జాతికి చెందిన హెనెకెన్ ఆకుల నుంచి నార తీయడానికి 1850లలో ఇలాంటి చక్రం తయారైంది. దాన్ని రాస్పడోర్ అన్నారు, గీకేది అని అర్థం. ఈ రోజు మన అరటి తోటల్లో తిరిగే డ్రమ్ము దాని వారసుడే. మన దేశంలోనూ దీని కోసం పెద్ద ప్రయత్నమే జరిగింది. రేమీ అనే నార మొక్క కాడల నుంచి నార తీసే యంత్రం చేసినవారికి 5,000 పౌండ్ల బహుమతి ఇస్తామని 1870లో అప్పటి భారత ప్రభుత్వం ప్రకటించింది. సహారన్‌పూర్‌లో 1872లో, మళ్లీ 1879లో పోటీలు పెట్టారు. పూర్తి బహుమతి ఎవరికీ దక్కలేదు. అమెరికాలో జార్జ్ ష్లిక్టెన్ హెంప్ (గంజాయి జాతి నార మొక్క) కాడల నుంచి నార తీసే యంత్రానికి 1919లో పేటెంటు పొందాడు. మొక్క మారితే కాడ గట్టిదనం మారుతుంది, యంత్రమూ మారాలి. ఒక మొక్కకు చేసిన యంత్రం అన్నింటికీ పనిచేస్తుందని ఎవరైనా చెబితే, మీ డొప్పలు తీసుకెళ్లి అక్కడికక్కడే వేయించి చూడండి.

యంత్రం ఎంచుకోవడం

మార్కెట్లో రెండు రకాలున్నాయి. ఒక రకంలో డొప్పను చేత్తోనే పెట్టి చేత్తోనే వెనక్కి లాగాలి. రెండో రకంలో డొప్పను లోపలికి నెమ్మదిగా నడిపించే రోలర్లుంటాయి. కొత్తవారికి నేను రెండోదే సిఫారసు చేస్తాను. ధర ఎక్కువే, కానీ చేతులు బ్లేడ్లకు దూరంగా ఉంటాయి. మొదటి రకం కొంటే డొప్ప పెట్టే నోటికీ బ్లేడుకూ మధ్య దూరం మీ మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఉన్న పొడవు కంటే ఎక్కువ ఉందో లేదో కొలిచి చూసుకోండి. చేయి పొరపాటున లోపలికి పోయినా బ్లేడును తాకకూడదు. అలా లేని యంత్రాన్ని ఎంత చవకైనా తీసుకోవద్దు.

కొనే ముందు మరికొన్ని చూడాలి. పలకను ముందుకూ వెనక్కూ జరిపే బోల్టులు రెండు చివరలా ఉన్నాయా? బెల్టు మీద గార్డు ఉందా? బేరింగులకు గ్రీజు పెట్టే చోటు చేతికి అందుతుందా? నీళ్లు, జిగురు నిత్యం పడే చోట బేరింగులే ముందు పాడవుతాయి. చేయి చాచితే అందేంత దూరంలో ఆపే స్విచ్చు ఉందా? మోటారు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అన్నది మీ కనెక్షన్‌ను బట్టి చూసుకోవాలి. రెండు హార్స్‌పవర్ మోటారు పూర్తి బరువు మీద గంటకు ఒకటిన్నర యూనిట్ల కంటే కొంచెం ఎక్కువే ఖర్చు చేస్తుంది.

తయారీదారు చెప్పే రోజువారీ దిగుబడిని అలాగే లెక్కలోకి తీసుకోకండి. చిన్న యంత్రాలకు ఎనిమిది గంటల్లో 20 కిలోల ఎండు నార అని చెబుతుంటారు. అది డొప్పలు ముందే చీల్చి పక్కన పెట్టి ఉంటే, ఇద్దరు ముగ్గురు ఆపకుండా అందిస్తుంటే వచ్చే మాట. మొదటి నెలలో అందులో సగం వచ్చినా సంతోషించాలి.

ఎక్కడ పెట్టాలి

తోట దగ్గరే పెట్టాలి. చాలామంది ఊళ్లో షెడ్డు ఖాళీగా ఉందని అక్కడ బిగించి నష్టపోతారు. బోదెలో 90 శాతానికి పైగా నీరే. 100 కిలోల తాజా డొప్పలకు ఎండు నార సుమారు ఒక కిలో వస్తుంది. అంటే 10 కిలోల నార కావాలంటే దాదాపు టన్ను సరుకు మోయాలి. ఆ టన్నులో 990 కిలోలు చివరికి మళ్లీ తోటకే చేరవలసిన పిప్పి, నీరు. ట్రాక్టరు బాడుగలోనే లాభం పోతుంది. చక్రాల మీద బిగించిన యంత్రమైతే తోట మారినప్పుడల్లా తీసుకెళ్లవచ్చు.

బోరు నీళ్లు, నీడ, వాలుగా ఉన్న నేల, ఈ మూడూ దగ్గరుంటే చాలు. నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి ఎర్తింగ్ సక్రమంగా వేయించండి. కరెంటు లీకైతే తక్షణం ఆపేసే బ్రేకరు తప్పనిసరి. ఈ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడకండి. తడి కాళ్లతో నిలబడి పనిచేసేది మన ఇంటివాళ్లే.

ఏ బోదె, ఎప్పుడు నరకాలి

గెల కోసిన రోజో మరునాడో నరికి, అదే రోజు నార తీయడం అన్నిటికంటే మంచిది. నరికిన బోదెను ఎండలో వదిలేస్తే కోసిన చోట నుంచి గోధుమ రంగు లోపలికి పాకుతుంది. ఆ రంగు తరువాత ఎంత కడిగినా పోదు. అరటి జిగురు పడిన తెల్ల చొక్కా గతి అందరికీ తెలిసిందే, నారకూ అదే గతి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గెల కోశాక కూడా తల్లి చెట్టులోని పోషకాలు కొన్నాళ్లు పిలకకు అందుతాయి. పిలక పంట ఉంచుకునే రైతు మొదలంటా నరికితే ఆ లాభం పోతుంది. పిలక పంట ఉంటే కింద రెండడుగుల మోడును వదిలి పైభాగాన్ని తీసుకుంటే రైతుకూ, నార తీసేవారికీ న్యాయం జరుగుతుందని నా అభిప్రాయం. తోటను తీసేస్తుంటే ఆ ఇబ్బంది లేదు.

నరికిన చోట ఎరుపు కలిసిన గోధుమ రంగు చారలు కనిపిస్తే ఆ బోదెను పక్కన పెట్టండి. అది పనామా తెగులు కావచ్చు. దానికి కారణమైన శిలీంధ్రం నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. అలాంటి బోదెను వేరే తోటకు తీసుకెళితే, లేదా దాని పిప్పిని ఎరువుగా చల్లితే, తెగులును మన చేత్తో మనమే నాటినట్లు. ఆ కత్తిని కూడా శుభ్రం చేశాకే రెండో చెట్టు ముట్టుకోవాలి.

డొప్పలు విడదీయడం

బోదెను మీటరు పొడవు ముక్కలుగా కోయండి. అంతకంటే పొడవైతే లాగడం కష్టం, పొట్టిదైతే నారకు ధర తగ్గుతుంది. పై రెండు మూడు డొప్పలు ఎండి, మట్టి పట్టి ఉంటాయి. వాటి నార ముతక, తాళ్లకు పనికొస్తుంది కాబట్టి వేరే కుప్ప వేయండి. మధ్య డొప్పల నార మేలైనది. లోపలికి వెళ్లేకొద్దీ పోగు సన్నబడి తెల్లబడుతుంది, కానీ బలం తగ్గి యంత్రంలో తెగుతుంది. నడుమ ఉన్న దవ్వ కూరకు పనికొస్తుంది, యంత్రానికి కాదు. కొన్ని చోట్ల దాన్ని దూట అంటారు.

ఒక్కో డొప్పను పొడవునా మూడు నాలుగు అంగుళాల వెడల్పున చీల్చి, కొసలు సమంగా పేర్చండి. పై డొప్పలనూ మధ్య డొప్పలనూ కలిపి పెట్టవద్దు. ఎందుకో తరువాతి మెట్టులో తెలుస్తుంది.

సందు సరిచేయడం

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. మోటారు ప్లగ్గు తీసేసి, డ్రమ్మును చేత్తో తిప్పుతూ చేయాలి.

ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల మధ్య మొదలుపెట్టండి. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న రేకు ముక్క దగ్గర పెట్టుకుంటే కొలత తేలిక. రేకును పలకకు ఆనించి, ఒక్కో బ్లేడూ దాన్ని రాసీ రాయనట్లు పోయేలా బోల్టులు బిగించండి. ఎడమ చివర చూశాక కుడి చివర, తరువాత నడుమ. మళ్లీ డ్రమ్మును తిప్పి ప్రతి బ్లేడు దగ్గరా చూడండి. ఒక బ్లేడు మిగతావాటి కంటే బయటికి పొడుచుకువచ్చి ఉంటే పనంతా ఆ ఒక్క బ్లేడే చేస్తుంది, నారనంతా ఆ ఒక్కటే తెంపుతుంది. కొత్త యంత్రంలో బ్లేడ్ల అంచుల మీద వెల్డింగు ముళ్లు, పదును మిగిలి ఉండవచ్చు. వేలితో నిమిరి చూసి, గరుకుగా ఉంటే ఆకురాయితో గుండ్రంగా రుద్దండి.

సరిపోయిందో లేదో నారే చెబుతుంది. యంత్రం నడిపి ఐదు మధ్య డొప్పలు వేయండి. నార మీద పచ్చటి, తెల్లటి గుజ్జు ముద్దలు అంటుకుని వస్తే సందు ఎక్కువైంది. నార శుభ్రంగా ఉండి, కింద పడిన పిప్పిలో పొట్టి పోగులు వెంట్రుకల్లా కనిపిస్తుంటే సందు తక్కువైంది. డబ్బు పిప్పిలోకి పోతోందన్నమాట. పిడికెడు పిప్పిని నీళ్ల బక్కెట్లో వేసి కలిపి చూస్తే ఆ పోగులు స్పష్టంగా తేలతాయి. బోల్టును పావు చుట్టు తిప్పి మళ్లీ ఐదు డొప్పలు వేయండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే మీ యంత్రానికి, మీ తోట అరటికి తగిన కొలత దొరుకుతుంది. దాన్ని యంత్రం మీదే పెయింటుతో రాసుకోండి.

పై డొప్ప మందం, లోపలి డొప్ప పలచన. ఒకే సందులో రెండూ వేస్తే ఒకటి ముద్దగా, ఒకటి ముక్కలుగా వస్తుంది. విడివిడిగా పేర్చమన్నది అందుకే. చక్కెరకేళి, గ్రాండ్ నైన్, బొంత రకాల మధ్య కూడా తేడా కనిపిస్తుంది. రకం మారినప్పుడు ఐదు డొప్పల పరీక్ష మళ్లీ చేయాలి.

నార తీయడం

డ్రమ్ము పూర్తి వేగం అందుకున్నాకే డొప్ప పెట్టాలి. ఒక కొసను గట్టిగా పట్టుకుని రెండో కొసను యంత్రం నోట్లో పెట్టి, సగం కంటే కొంచెం ఎక్కువ పొడవును నెమ్మదిగా పంపండి. తరువాత అదే నెమ్మదితో వెనక్కి లాగండి. శుభ్రపడేది ముఖ్యంగా వెనక్కి లాగేటప్పుడే. తొందరపడి ఒక్క గుంజు గుంజితే గుజ్జు మిగిలిపోతుంది. ఇప్పుడు కొసలు మార్చి, శుభ్రమైన నారను పట్టుకుని, మిగతా సగాన్ని పంపండి. నడుమ రెండు భాగాలూ కలిసే చోట గుజ్జు పట్టీ మిగలకుండా నాలుగు వేళ్ల మేర రెండుసార్లు నలగాలి. డొప్ప లోపలి వైపును బ్లేడు వైపు పెట్టాలా, బయటి వైపునా అన్నది కూడా రెండు రకాలుగానూ వేసి చూసుకోండి. ఒక వైపు తప్పకుండా మెరుగ్గా వస్తుంది.

రెండో విడతే ప్రమాదకరం. శుభ్రమైన నార జారుతుంది. జారకుండా ఉండాలని చేతికి చుట్టుకోవాలనిపిస్తుంది. ఎట్టి పరిస్థితిలోనూ చుట్టుకోవద్దు. డ్రమ్ముకు నార చిక్కుకుంటే క్షణంలో చేతిని లోపలికి ఈడ్చుకుపోతుంది. నార జారితే వదిలేయండి, ఒక డొప్ప పోతుంది, అంతే. వదులు చేతి తొడుగులు వేసుకోకండి, అవి కూడా చిక్కుకుంటాయి. గాజులు తీసేయాలి. పమిట చెంగు నడుముకు బిగించి పైన బిగుతైన చొక్కా వేసుకోవాలి, జడను ముడి వేయాలి. కళ్లకు అద్దాలు ఉండాలి, గుజ్జు తుంపర ఎగిరి పడుతుంది. డ్రమ్ముకు చుట్టుకున్న నారను తీయాలంటే స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి, డ్రమ్ము పూర్తిగా నిలిచాకే చేయి పెట్టాలి.

చెవిని కూడా అలవాటు చేయండి. మా దగ్గర డొప్పలు అందించే పెద్దావిడ యంత్రం వైపు చూడకుండానే, "శబ్దం మారిందయ్యా, ఓసారి ఆపి చూడు," అంటుంది. ఆపి చూస్తే షాఫ్టుకు నార చుట్టుకుని ఉంటుంది, లేదా బెల్టు వదులై ఉంటుంది. ఆమె మాట తప్పడం నేను ఇంతవరకు చూడలేదు.

కడగడం, ఆరబెట్టడం

యంత్రం నుంచి వచ్చిన నారను నీడలో కూడా కుప్పగా వదలకండి. గంటలోపే రంగు మారడం మొదలవుతుంది. పక్కనే రెండు తొట్లు ఉంచండి. మొదటి తొట్టిలో ముంచి జాడిస్తే జిగురు పోతుంది, రెండో తొట్టి నీళ్లు మాత్రం ఎప్పుడూ తేటగా ఉండాలి. పిండేటప్పుడు మెలితిప్పవద్దు, పోగులు చిక్కుపడతాయి. కొస పట్టి దులిపి, అరచేత్తో పై నుంచి కిందికి నిమిరితే నీళ్లు జారిపోతాయి.

దండెం మీద పలచగా వేయండి. ఇనుప తీగ వద్దు, తుప్పు మరక పడుతుంది. వెదురు బొంగో, నైలాను తాడో మంచిది. గాలి ఆడే నీడలో ఆరితే రంగు, మెరుపు నిలుస్తాయి. లేత ఎండ ఫరవాలేదు. వానాకాలంలో పని పెట్టుకుంటే పైకప్పు ఉన్న చోటు ముందే చూసుకోండి. ఆరిన నారను వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా దువ్వితే ఎండిన గుజ్జు పొడిలా రాలుతుంది.

పిప్పి, నీళ్లు

నారకు వంద రెట్లు వచ్చేది ఇదే కాబట్టి దీనికి దారి ముందే ఆలోచించాలి. కాలువలోకి వదలడం మాత్రం తప్పు. పిప్పిని పేడతో కలిపి కుళ్లనిచ్చి వానపాములకు వేస్తే మంచి ఎరువు అవుతుంది. బోదె నీళ్లలో పొటాషియం ఎక్కువ. గుజరాత్‌లోని నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ నీళ్ల నుంచే ద్రవ ఎరువు తయారు చేసింది. మీ స్థాయిలో పిప్పిని తిరిగి అదే తోటకు చేర్చినా రైతుకు మేలు చేసినట్లే, వచ్చే ఏడాది బోదెలు అడిగే హక్కు కూడా మీకు వస్తుంది.

కట్టలు కట్టడం, అమ్మకం

పై డొప్పల నార, మధ్య డొప్పల నార వేరువేరు కట్టలుగా, కొసలు ఒక వైపుకు ఉండేలా కట్టండి. కొనేవాడు ముందు చూసేది రంగు, తరువాత పొడవు, ఆ తరువాత కట్ట నడుమ దాచిన చెత్త. తిరుచిరాపల్లిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రం నార తీయడంపైనా పనిచేస్తోంది, వీలైతే అక్కడికి వెళ్లి చూసి రండి. హంపి దగ్గర ఆనెగుందిలో మహిళలు అరటి నారతో బుట్టలు, సంచులు అల్లుతారు. చెన్నై పక్కన అనకాపుత్తూరు నేతగాళ్లు దీన్ని చీరల్లో నేస్తారు. అల్లేవారికి కావలసిన నార వేరు, నేసేవారికి కావలసినది వేరు. కాబట్టి వంద కిలోలు పోగుచేశాక కొనుగోలుదారును వెతకవద్దు. మొదటి రెండు కిలోలు చేతికి రాగానే చిన్న చిన్న నమూనా కట్టలు చేసి చూపించి, వారికి ఏది కావాలో అడిగి, దాన్ని బట్టి డొప్పల ఎంపిక, సందు మార్చుకోండి.

నిల్వ చేసేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో మూటగట్టవద్దు. చేతికి పొడిగా తగిలినా లోపల తేమ ఉండవచ్చు. గోనె సంచిలో పెట్టి, నేల మీద కాకుండా చెక్క బల్ల మీద ఉంచండి. పదిహేను రోజుల తరువాత ఒక కట్ట విప్పి, నడుమ చేయి పెట్టి చూడండి. చల్లగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా కట్టలన్నీ విప్పి మళ్లీ దండెం మీద వేయాలి.